తాబేలు మేత మానేసింది, చలి వల్లేనా?

ఎంవీపీ_రెండో_అంతస్తు:
మా పాప దగ్గర చెవి పక్కన ఎర్ర మచ్చ ఉండే నీటి తాబేలు ఉంది, అరచేతిలో పట్టేంత. సంక్రాంతి ముందు నుంచి మేత ముట్టడం లేదు, కదలడమూ తగ్గింది. తొట్టె ఉత్తరం గదిలో ఉంటుంది, అక్కడికి ఎండ రాదు. వైజాగ్‌లో చలి ఏపాటిదిలే అనుకున్నాం. నోరు తెరిచి పెట్టమంటున్నారు ఇంట్లోవాళ్ళు. పాప రోజూ ఏడుస్తోంది.

సాగర్‌నగర్_టీచర్:
బలవంతంగా పెట్టకండి. మనం తినేదాంట్లో చాలా భాగం ఒంటి వేడి నిలబెట్టుకోడానికే పోతుంది. తాబేలు, పాము, తొండ ఆ ఖర్చు పెట్టుకోవు, వేడిని బయటి నుంచి తెచ్చుకుంటాయి. ఎండ దొరక్కపోతే వాటికి అరుగుదల మందగిస్తుంది, లోపలికి వెళ్ళిన మేత కుళ్ళే ప్రమాదం ఉంది. మేత మానేయడం అది తీసుకుంటున్న జాగ్రత్త.

పొద్దున్నే గోడ మీద తొండని చూడండి. ముదురు రంగులో, ఒళ్ళు పరిచి ఎండకు అడ్డంగా ఉంటుంది. ఒళ్ళు కాగాక రంగు తేలుతుంది, నీడకు జరుగుతుంది. రోజంతా ఇదే పని. 'చల్లని రక్తం' అన్న మాట నాకు నచ్చదు. ఎండలో తిరిగే తొండ రక్తం దాదాపు మన రక్తమంత వేడిగా ఉంటుంది.

జాలారిపేట_కుర్రాడు:
చేపల్లో కూడా అన్నీ చల్లగా ఉండవండి. నాన్నతో పడవ మీదకి వెళ్ళినప్పుడు గాలానికి పెద్ద ట్యూనా పడింది. కోసి చెయ్యి పెడితే లోపలి కండ వెచ్చగా తగిలింది. అందుకే వెంటనే పేగులు తీసి ఐసులో కప్పేస్తాం, లేటయితే ఆ వేడికే మాంసం రంగు మారి హార్బర్‌లో రేటు పడిపోతుంది. సముద్రం నీళ్ళలో ఉండే చేపకి ఆ వేడి ఎక్కడిది సార్?

సాగర్‌నగర్_టీచర్:
మంచి ప్రశ్న బాబూ. ట్యూనా ఆగకుండా ఈదుతుంది, ఆ కండల్లోనే వేడి పుడుతుంది. మామూలు చేపల్లో అది రక్తంతో మొప్పలకు చేరి నీళ్ళలో కలిసిపోతుంది. ట్యూనాలో కండ నుంచి వచ్చే వేడి రక్తనాళాలు, మొప్పల నుంచి వెళ్ళే చల్లటి రక్తనాళాలు పక్కపక్కనే ఎదురెదురుగా నడుస్తాయి. వేడి అక్కడే చేతులు మారి మళ్ళీ కండకే వస్తుంది. ఆడ కొండచిలువ ఇంకో దారి పట్టింది. గుడ్లను చుట్టుకుని కండరాలు వణికిస్తూ, ఆ వేడితో వాటిని పొదుగుతుంది.

గాజువాక_లక్ష్మి:
టీచర్ గారి మాట విని నేరుగా ఎండలో పెట్టేయకండి అన్నా. మే నెలలో మా తాబేలు టబ్బు డాబా మీద పెట్టి మార్కెట్‌కి వెళ్ళాను. నీళ్ళు తక్కువ, నీడ లేదు. గంటన్నరలో పోయింది. ఈ జీవులకు చెమట పట్టదు, పారిపోవడమొక్కటే దారి. అది నేను మూసేశాను. ఇప్పటికీ తలచుకుంటే బాధే. తొట్టెలో ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా ఉండాలి, ఎటు వెళ్ళాలో దానికి తెలుసు.

బీచ్‌రోడ్_నడక:
ఎండ కిటికీ అద్దంలోంచి వస్తే సరిపోదు. డొప్ప గట్టిపడడానికి కావలసిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఆ కిరణాలిచ్చే రెప్టైల్ లైటు, పొడిగా కూర్చోడానికి ఇటుక పెట్టండి.

వేడి వీటికి పుట్టకముందే పనిచేస్తుంది. మన తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ళ గుడ్లలో ఆడా మగా తేల్చేది ఇసుక వేడే. సుమారు 29–30 డిగ్రీలు దాటితే ఆడపిల్లలే ఎక్కువ. ఎండలు ముదురుతుంటే నాకు భయం అందుకే.

ఇంకొకటి, పెంచలేక ముడసర్లోవ చెరువులో వదిలేయకండి. ఇది అమెరికా జాతి, మన తాబేళ్ళ తిండీ చోటూ లాక్కుంటుంది.

ఎంవీపీ_రెండో_అంతస్తు:
తొమ్మిది రోజులైంది. తొట్టెను తూర్పు బాల్కనీకి మార్చి, సగానికి గోనెపట్టా నీడ కట్టాం. నాలుగో రోజు ఇటుకెక్కింది. వెనక కాళ్ళు రెండూ బారజాపి, వేళ్ళు విప్పి, మెడ ఎత్తి పడుకుంది. ఈ పొద్దున రెండు గుళికలు తింది. పాప స్కూలుకి వెళ్ళనంటోంది, పక్కనే కూర్చుంది.