కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం: కొత్త చట్టం వచ్చాక అనుమతులూ పరిహారమూ ఎలా మారాయి?

ప్రశ్న: లావేరు పాఠకుడు

మాది కొవ్వాడకు పక్క మండలం. 2009లో కేంద్ర ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలోని కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రానికి సూత్రప్రాయ ఆమోదం తెలిపినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను, ఇప్పుడు మా అమ్మాయి బడికి వెళుతోంది. ఇన్నేళ్లలో రియాక్టర్లు సరఫరా చేయవలసిన కంపెనీ మారింది, భూసేకరణ నడిచింది, కానీ రియాక్టరు పునాదిలో ఒక్క తట్ట కాంక్రీటు కూడా పడలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టాన్నీ రద్దు చేస్తూ 'శాంతి' చట్టాన్ని ఆమోదించిన దగ్గరనుంచి మా రచ్చబండ మీద మళ్లీ ఇదే చర్చ. ఇక అన్ని అనుమతులూ వచ్చేసినట్టేనని కొందరు, ప్రమాదం జరిగితే అడిగే దిక్కే లేకుండా పోయిందని మరికొందరు అంటున్నారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు: పాత ఇంజనీరు

మొదటి మాట నిజం కాదు. సూత్రప్రాయ ఆమోదం అంటే ఫలానా చోట కేంద్రం కట్టే ఆలోచన ప్రభుత్వానికి ఉందని ప్రకటించడమే తప్ప, కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. కొత్త చట్టం ప్రకారం కూడా నిర్మించదలచిన సంస్థ కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సునూ, భద్రత విషయంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతినీ వేర్వేరుగా పొందవలసిందే. మండలి అనుమతి ఒక్కసారిగా వచ్చేది కాదు. స్థలం, నిర్మాణం, ప్రారంభ పరీక్షలు, నిర్వహణ అనే దశల్లో ప్రతిదానికీ విడిగా సమీక్ష జరుగుతుంది. నిర్మాణ దశలోనే తవ్వకానికి ఒకసారి, తొలి కాంక్రీటుకు ఒకసారి, ప్రధాన యంత్రాలు నిలబెట్టడానికి మరొకసారి అనుమతి తీసుకోవాలి. అమెరికా నుంచి రావలసిన ఏపీ1000 రకం రియాక్టరు మన దేశంలో ఇంతవరకు ఒక్కటీ లేదు కాబట్టి, దాని డిజైనును మండలి మొదటినుంచీ పరిశీలించవలసి ఉంటుంది.

దీనికి తోడు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి ఉంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశాన్ని తెలుగులో అందుబాటులో పెట్టాలి. అణుశక్తి చట్టం మారినంతమాత్రాన ఈ నోటిఫికేషన్ పోదు. శ్రీకాకుళం జిల్లా వారికి పర్యావరణ అనుమతి ఎంత బరువైనదో నేను చెప్పనక్కరలేదు. సోంపేట థర్మల్ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని 2010 జులై 14న, అంటే ఆ కేంద్రాన్ని వ్యతిరేకిస్తున్నవారి మీద పోలీసు కాల్పులు జరిగిన రోజునే, జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది.

మీ ఊరివారు దూరాల లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. 2014లో మండలి సవరించిన నియమావళి ప్రకారం రియాక్టరు చుట్టూ కనీసం 1 కిలోమీటరు మేర ఎవరూ నివసించకూడదు. అంతకుముందు ఇది 1.5 కిలోమీటర్లు. 5 కిలోమీటర్ల వరకు ఊళ్లు సహజంగా పెరగవచ్చు గాని, జనాన్ని పెద్దఎత్తున తెచ్చిపెట్టే పరిశ్రమలనూ కాలనీలనూ ప్రోత్సహించరు.

జవాబు: విశాఖ న్యాయవాది

రెండో మాటలో సగం నిజం ఉంది. 2010 చట్టం మీద భోపాల్ నీడ పడింది. ఆ ఏడాది జూన్‌లో భోపాల్ కేసులో వెలువడిన తీర్పు మీద దేశమంతా మండిపడుతున్న వేళ, ఆగస్టులో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది. అందుకే అందులో 17(బి) అనే సెక్షను చేరింది. లోపం ఉన్న పరికరం వల్ల ప్రమాదం జరిగితే, బాధితులకు పరిహారం చెల్లించిన నిర్వాహక సంస్థ ఆ సొమ్మును సరఫరాదారు నుంచి రాబట్టుకోవచ్చన్నది దాని సారాంశం. విదేశీ కంపెనీలు ఇన్నేళ్లు బిగుసుకు కూర్చోవడానికి ఇదొక ముఖ్య కారణం. కొత్త చట్టంలో ఆ హక్కు లేదు. ఒప్పందంలో రాతపూర్వకంగా రాసుకుంటే తప్ప, లేదా కావాలనే నష్టం కలిగించిన సందర్భంలో తప్ప, సరఫరాదారును అడగడానికి వీల్లేదు.

అయితే ఒక సంగతి చాలామంది పొరబడుతున్నారు. పాత చట్టంలోనూ బాధితుడు సరఫరాదారు మీదకు నేరుగా వెళ్లే వీలును 17(బి) ఇవ్వలేదు. ఎవరి తప్పో నిరూపించనవసరం లేకుండానే నిర్వాహక సంస్థ నుంచి పరిహారం పొందే హక్కు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తేడా వచ్చేది ఆ తర్వాతే. కొవ్వాడలో నిర్వాహకుడు కేంద్ర ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ అయితే, సరఫరాదారు తప్పుకు ప్రభుత్వ రంగ సంస్థ, అంటే చివరికి పన్ను కట్టేవాడే, మూల్యం చెల్లించాలి. అంతకన్నా పెద్ద నష్టం, యంత్రం తయారుచేసేవాడికి ఉండవలసిన భయం తగ్గిపోవడమని నా అభిప్రాయం.

పరిమితి సంగతికి వస్తే, 3,600 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం (కరెంటు కాదు, రియాక్టరు పుట్టించే వేడి) దాటిన రియాక్టరుకు నిర్వాహకుడి బాధ్యత 3,000 కోట్ల రూపాయలు, 1,500 నుంచి 3,600 వరకు ఉన్నవాటికి 1,500 కోట్లు. ఏపీ1000 ఉష్ణ సామర్థ్యం 3,400 మెగావాట్లు. ఒక్కొక్క రియాక్టరు లెక్కన చూస్తే అది రెండో తరగతిలోకే వస్తుంది. పెద్ద రియాక్టర్లకు 2010లోనూ పరిమితి అదే 1,500 కోట్లు. పదిహేనేళ్లలో రూపాయి విలువ ఎంత పడిపోయిందో ఆలోచించండి. దాన్ని మించిన నష్టాన్ని 30 కోట్ల ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కలకు వాడే ప్రమాణం) వరకు, అంటే మూడున్నర వేల కోట్ల రూపాయల పైచిలుకు వరకు, కేంద్ర ప్రభుత్వం భరించాలి.

జవాబు: ఎనర్జీ విద్యార్థి

ఆలస్యానికి నెపమంతా 17(బి) మీద వేయడం న్యాయం కాదు. ఏపీ1000 తయారీదారు అయిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అదే రకం రియాక్టర్లతో అమెరికాలోని జార్జియాలో కట్టిన వోగ్టిల్ కేంద్రం 3వ, 4వ యూనిట్లు ఏళ్ల తరబడి ఆలస్యమై 2023, 2024లలో పని మొదలుపెట్టేసరికి ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. దక్షిణ కరోలినాలో రెండింటిని సగంలో వదిలేశారు. చట్టం ఎంత సడలించినా యూనిట్ కరెంటు ధర తేలనిదే కొవ్వాడ కదలదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంజనీరు గారూ, నియంత్రణ మండలికి ఇప్పుడు చట్టబద్ధ హోదా వచ్చిందంటున్నారు. ఇక దాని మాట చెల్లుతుందనుకోవచ్చా?

జవాబు: పాత ఇంజనీరు

కొంతవరకు. 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన మండలికి చట్టం ద్వారా ఉనికి ఇవ్వాలని 2011లో తెచ్చిన బిల్లు మురిగిపోయింది. తాను నియంత్రించవలసిన వ్యవస్థకే మండలి లోబడి ఉందని 2012లో కాగ్ కూడా తప్పుపట్టింది. ఆ లోటు ఇప్పుడు తీరింది. కానీ మండలి సభ్యులను ఎంపిక చేసే కమిటీని అణుశక్తి కమిషనే ఏర్పాటు చేస్తుంది, ఆ కమిషన్‌కు అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శి. పెళ్లికొడుకు మేనమామే పెళ్లిళ్ల పేరయ్య అయినట్టుంది. నా ఉద్యోగకాలంలో మండలి తనిఖీ బృందాలు నిక్కచ్చిగా పనిచేయడం చూశాను కాబట్టి వారి నిజాయితీని శంకించను. నా అభ్యంతరం వ్యవస్థ అమరిక మీదే.

ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగితే మీరు ఒక్క ప్రశ్న తప్పక వేయండి. మన దేశంలో ఇప్పటివరకు ఉన్న పద్ధతిలో 16 కిలోమీటర్ల పరిధికి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది, రెండేళ్లకొకసారి దాని మీద కసరత్తు జరగాలి. 2013లో కూడంకుళం తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని నొక్కిచెప్పింది. తీరంలో ఉన్న ఊళ్ల జనం రణస్థలం దగ్గర జాతీయ రహదారి ఎక్కడానికి ఎన్ని దారులున్నాయి, తుపాను రోజున వాటిలో ఎన్ని పనికొస్తాయి అని అడిగి, జవాబును సభ మినిట్స్‌లో రాయించండి.