తొమ్మిదో పేజీ ఉంచాలా, తీసేయాలా? (అన్నదమ్ముల కథ, రెండో ప్రతి)

అల్పవిరామం:
కథ 12 పేజీలు, సుమారు 3,000 మాటలు. అన్నకి 52, తమ్ముడికి 44. 14 ఏళ్లుగా మాటల్లేవు. తల్లి ఆసుపత్రిలో ఉంటే మూడు రాత్రులు వంతులవారీగా తోడుంటారు. తండ్రి పోయేనాటికి తమ్ముడికి 11, అన్నకి 19. అన్న చదువు మానేసి తమ్ముణ్ణి చదివించాడు. తొమ్మిదో పేజీలో వదిన అసలు సంగతి బయటపెడుతుంది: తమ్ముడి అప్పుకి అన్న ష్యూరిటీ సంతకం పెట్టనన్నాడు, వ్యాపారం మునిగింది. ఈ పేజీ ఉండాలా?

మార్జిన్‌మనిషి:
తీసేయండి. కారణం తెలియగానే పాఠకుడు పెద్దమనిషి అయిపోయి పంచాయితీ మొదలెడతాడు. మిగతా మూడు పేజీలు దండగ. ఎడం ఉండాల్సింది మాటతీరులో. రెండో పేజీలో తమ్ముడు "ఎప్పుడొచ్చావన్నయ్యా?" అంటాడు. అనడు! 'నువ్వు' అలవాటున్న ఇంట్లో 'వచ్చావు' అంటే చనువు, 'వచ్చారు' అంటే పొడిచినట్టు. వాడు రెండూ తప్పించుకుంటాడు. "బస్సు దొరికిందా?" "డాక్టరుతో మాట్లాడటం అయిందా?" అంటాడు. క్రియ మనిషిని వదిలేసి బస్సుని పట్టుకుంటుంది. ఆరు పేజీలు అలా లాగి, ఒక్కచోట నోరు జారి 'నువ్వు' అనిపించండి.

నిండుకలం:
క్రియాపదాలతో కథ నిలబడదు. చదువు మానేసిన సంగతి చెప్పి, సంతకం సంగతి దాస్తే అన్న దేవుడైపోతాడు. వాలి సుగ్రీవుల గొడవలోంచి గుహనీ, నెత్తుటినీ, అడ్డం పెట్టిన బండనీ తీసేయండి, ఏం మిగులుతుంది? ఒక కోపిష్ఠి, ఒక పిరికివాడు. అన్న చచ్చాడనుకుని మూశానంటాడు ఒకడు, నేను లోపలుండగా మూశాడంటాడు ఇంకొకడు. ఇద్దరి న్యాయమూ ఆ బండ మీదే ఉంది.

అచ్చుతప్పు:
చిన్న సందేహం. నాలుగో పేజీలో తమ్ముడి కూతురికి 12 ఏళ్లు. ఆరో పేజీలో పెదనాన్న ఆ పిల్లని చంకనేసుకు తిరిగిన రోజులు తలుచుకుంటాడు. ఎలా?

చివరిపేజీ:
ఇన్నేళ్లూ వీళ్ల కబుర్లు అటూ ఇటూ మోసింది తల్లేనా? అదుంటే చాలు నాకు.

మార్జిన్‌మనిషి:
వాలి కథ నాకే పనికొస్తుంది. బాణం వేసేముందు రాముడు విన్నది సుగ్రీవుడి మాటే. కారణం ఎవరి నోట వస్తే న్యాయం వాళ్ల వైపు వాలుతుంది.

నిండుకలం:
అయితే మీ బాధ కారణం చెప్పడం గురించి కాదు, అన్న మాటపడకూడదు, అంతేగా? మొన్న ఇంకో కథలోనూ పెద్దకొడుకు తప్పు చేసిన పేరానే 'అనవసరం' అని కొట్టేశారు. మీరు మీ ఇంట్లో పెద్దవారని ఎవరూ చెప్పక్కర్లేదు.

మార్జిన్‌మనిషి:
మీరే ఇళ్లదాకా వచ్చారు కాబట్టి చెప్తున్నా. అవును, అన్న దోషి కాడు. పదకొండేళ్ల పిల్లాణ్ణి ప్రయోజకుణ్ణి చేసినవాడు ఒక్క కాగితం మీద చెయ్యి పెట్టకపోతే అదంతా గంగలో కలిసినట్టేనా?

నిండుకలం:
ఆ లెక్కే కదండీ తమ్ముణ్ణి తరిమింది! పెంచినందుకు బతికినంతకాలం తలవంచుకునే ఉండాలా? తొమ్మిదో పేజీ మూడో పేరా చూడండి. అప్పు సంగతి ఎత్తగానే అన్న "నీ కోసం చదువు మానేశాను" అన్నాడని ఉంది. విరిగింది సంతకం దగ్గర కాదు, ఆ మాట దగ్గర. మీరది చదివినట్టు లేదు.

మార్జిన్‌మనిషి:
చదివాను. అది వదిన చెప్పిన మాట. ఆ రోజు ఆవిడ ఆ గదిలో ఉన్నట్టు ఎక్కడా లేదు.

ఇంకుమరక:
లేకపోతే మరీ మంచిది. ఆ మాట ఆవిడకి చేరవేసింది అన్నే అవుతాడు. సిగ్గుపడుతూ చెప్పాడా, గొప్పగా చెప్పాడా? మీరిద్దరూ కొట్టుకుంటున్న దానికంటే నాకు ఇది ముఖ్యం. ఇంకోటి: మగాళ్లిద్దరి మౌనం మొయ్యడానికి తల్లి, గుట్టు విప్పడానికి వదిన. వీళ్లకి సొంత కోపం ఒక్కటీ లేదా? తమ్ముడి పెళ్లాం మూడు రాత్రులూ ఫ్లాస్కు తేవడానికే వస్తోంది.

అల్పవిరామం:
తమ్ముడి భార్య గురించి అసలు ఆలోచించలేదు, నిజం. సంతకం తీసేసి అప్పు అనే మాట ఒక్కటే ఉంచుతున్నా. "చదువు మానేశాను" అన్న సంగతి వదిన తోటికోడలితో అంటుంది, తమ్ముడు ఇంటికెళ్లిన పూట. విన్నావిడ మొగుడికి చెప్పిందో లేదో రాయను. బస్సు డైలాగు తీసుకుంటున్నా.

నిండుకలం:
సంతకం తీసేస్తే మళ్లీ అన్నకే లాభం. నా అభ్యంతరం నాకుంది.

మార్జిన్‌మనిషి:
అప్పు అనే మాట కూడా ఎక్కువే.

అచ్చుతప్పు:
పిల్లకి ఇంకా పన్నెండే.