సమస్య: "మించి చేసినవానికే మిగిలె లోటు"

నిర్వాహకుడు:
మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి "మామయ్యా, ఈ క్వార్టర్ ఓవర్‌అచీవ్ అయ్యా" అన్నాడు. జబ్బేమో అనుకుని కంగారుపడ్డా. టార్గెట్ వందైతే నూట ఇరవై చేశాడట. దీన్ని తెలుగులో ఏమనాలి? అతిక్రమణ అంటే నేరం, మితిమీరడం అంటే తిట్టు. పేపర్లలో "లక్ష్యానికి మించి" అని రాస్తారు, నాకదే సరిగ్గా ఉందనిపించి పాదం అక్కడే మొదలుపెట్టా. ఇదే ఆఖరి పాదంగా, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి గణాలు సూర్యుడొకడు, ఇంద్రులిద్దరు, మళ్లీ సూర్యులిద్దరు, నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ అక్షరం. కానివ్వండి.

సేల్స్ సుబ్బు:
కొత్తవాణ్ణి, తప్పులుంటే తిట్టకండి. నా బతుకే రాశా.

నూట యిరువది శాతమ్ము చేసి చూప
పొగడి రొకపూట, పిదప నా పుట్టి ముంచి
నెత్తికెత్తిరి టార్గెట్టు నేటినుంచి
మించి చేసినవానికే మిగిలె లోటు

నిర్వాహకుడు:
పుట్టి ముంచడం భలే పడింది. కానీ మొదటి పాదంలో నూ-చే యతి కుదరదు నాయనా. "నూర్చి చూప" అను, కుప్ప నూర్చినట్టు. యతీ కుదురుతుంది, నీ కష్టమూ కనపడుతుంది.

సేల్స్ సుబ్బు:
థాంక్సండీ, మార్చుకుంటా. అందుకే మావాళ్లు వంద దాటగానే మిగతా ఆర్డర్లు దాచేసి వచ్చే నెలలో చూపిస్తారు. నాకే ఆ తెలివి లేకపోయింది.

చరిత్ర పిచ్చోడు:
సుబ్బూ, నీ కథ 1935లోనే జరిగిపోయింది. సోవియట్ దేశంలో డోన్‌బాస్ బొగ్గుగనిలో స్టఖనోవ్ అనే కార్మికుడు ఆగస్టు 30 రాత్రి షిఫ్టులో దిగి, 7 టన్నుల కోటాకి 102 టన్నులు తవ్వాడని చాటింపు వేశారు. అతని పేరు మీదే ఇంగ్లీషులో స్టఖనోవైట్ అన్న మాట వచ్చింది, కోటా మించి పనిచేసేవాడని అర్థం.

బొగ్గు గని తవ్వి కోటాను పొంగజేయ
మెచ్చుకొనె నాడు స్టాలిను మేటి యనుచు
కొలత పెంచిరి పిమ్మట కూలికెల్ల
మించి చేసినవానికే మిగిలె లోటు

గుంటూరు మాస్టారు:
నడక బావుంది, కానీ "వానికే" అన్న ఏకారానికి, అంటే వాడికి మాత్రమే అన్న నొక్కుకి, మీ పద్యంలో జవాబు లేదు. స్టఖనోవ్‌కి లోటెక్కడిది? పతకాలొచ్చాయి, పదవులొచ్చాయి. ఆ రాత్రి అతని వెనకే గని పైకప్పుకి దన్నుగా దుంగలు నిలబెడుతూ వచ్చిన ఇద్దరి సంగతి ఎవరికీ పట్టలేదు, 1936లో కోటాలు పెంచితే నలిగింది మిగతా కూలీలు. మీ మూడో పాదమే "కూలికెల్ల" అంటోంది, నాలుగోది "వానికే" అంటోంది.

చరిత్ర పిచ్చోడు:
పాత కోటాని కాస్త మించి చేస్తూ నాలుగు రాళ్లు ఎక్కువ తెచ్చుకునే పక్క గని కూలీ అనుకోండి గురువుగారూ, వాడే "వాడు".

గుంటూరు మాస్టారు:
అది మీరు చెబితే తెలిసింది, పద్యం చెప్పలేదు.

సీమ రైతుబిడ్డ:
మదనపల్లె టమాటలు మస్తుగాను
కాయ విరగ కాసిన ధర కరిగిపోయె
బండి బాడుగకైనను పైకమేది
మించి చేసినవానికే మిగిలె లోటు

సేల్స్ సుబ్బు:
అన్నా, మదనపల్లెలో మస్తు అంటారా, శానా అంటారు గానీ?

సీమ రైతుబిడ్డ:
దొరికిపోయా. యతి కోసం హైదరాబాద్ దాకా పోయొచ్చా. "మండి నిండ" అని దిద్దుకుంటున్నా.

గుంటూరు మాస్టారు:
ఇప్పుడు నిలబడింది. సేద్యం చేసినవాడికే లోటు, వ్యాపారికి కాదు, ఏకారం పూర్తిగా పలికింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నాకు నచ్చింది.

అవధానం అభిమాని:
నేను అడ్డదారిలో వస్తా.

నెల మొదట నిద్ర, చివరిలో నేల విడిచి
సాము సేయగా టార్గెట్టు సాధ్యమౌనె
అలసిపోకయె ముందుగా నట్టె విశ్ర
మించి చేసినవానికే మిగిలె లోటు

సేల్స్ సుబ్బు:
"విశ్రమించి"! మా పక్క సీటువాడే!

గుంటూరు మాస్టారు:
పదం విరిచి చిక్కు తప్పించుకోవడం అవధానుల పాత ఎత్తే, తప్పు పట్టను. కానీ ఇక్కడ అడిగిందే "మించి" అన్న మాట మీద కదా, దాన్నే ఎగరగొట్టేశారు. నాకు కాస్త వెలితిగా ఉంది.

అవధానం అభిమాని:
వింతని మామూలు చేయడమే పూరణ కదండీ మాస్టారూ!

నిర్వాహకుడు:
ఇద్దరిదీ నిజమే, గొడవొద్దు.

రిటైర్డ్ టీచరమ్మ:
పద్యం రాదు, ఒక మాట చెప్పిపోతా. ఓవర్‌అచీవర్ అన్నది మేం ట్రైనింగ్‌లో చదువుకున్నప్పుడు బడి లెక్కల్లోని మాట. తెలివి పరీక్షలో వచ్చిన మార్కుని బట్టి వీడు ఇంతే చదువుతాడని అంచనా వేస్తారు, పిల్లాడు అంతకన్నా బాగా చదివితే వాణ్ణి ఓవర్‌అచీవర్ అంటారు. పొరపాటు అంచనాది, పేరు మాత్రం పిల్లాడికి.

గుంటూరు మాస్టారు:
అమ్మా, ఏకారానికి అసలు జవాబు మీ దగ్గరుంది. గణాలు నేను చూసుకుంటా, మూడు పాదాలు రాసివ్వండి.

రిటైర్డ్ టీచరమ్మ:
మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చి చూస్తానండీ.