టెస్సా పోలిట్ బేస్ టోన్ కోసం: తీగలు మార్చాలా, స్పీకరా?
బ్రిటిష్ పంక్ బ్యాండ్ ద స్లిట్స్ 'కట్' ఆల్బమ్‌లో (1979, నిర్మాత డెన్నిస్ బోవెల్) టెస్సా పోలిట్ వాయించిన బేస్ గిటార్ సాధన చేస్తున్నాను. పంక్‌లోకి జమైకా రెగె సంగీతపు నడకను తెచ్చిన వాయింపు అది. స్వరాల మధ్య వదిలిన ఖాళీలే దానికి ప్రాణం, అందుకే ప్రతి స్వరం గుండ్రంగా పలికి టక్కున ఆగాలి.

నాది ప్రిసిషన్ తరహా బేస్, 45-105 మందం రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన, గరుకైన) తీగలు, 8 అంగుళాల స్పీకరున్న 15 వాట్ల ఆంప్ (ఆంప్లిఫయర్). టోన్ నాబ్ సున్నాకి తిప్పాను, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి పెట్టాను, మెడ దగ్గర వేళ్లతో మీటుతున్నాను. ఖంగుమనే మోత తగ్గింది. కానీ అన్నిటికన్నా మందమైన ఇ తీగ మీద 3వ ఫ్రెట్ నుంచి ఇంకా కింది స్వరాలకు వెళ్తే స్వరాలు ముద్దగా కలిసిపోతున్నాయి. ఆంప్‌లో బేస్ నాబ్ పెంచితే స్పీకర్ గరగరలాడుతోంది. హెడ్‌ఫోన్లలో గరగర లేదు, ముద్దదనం మాత్రం అలాగే ఉంది.

ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టిన, నున్నటి) తీగలు వేస్తే చాలా, లేక 12 అంగుళాల స్పీకర్ కూడా తప్పదా?