పేలని స్నైపర్ రైఫిల్ నమూనా: పనసా, టేకా?

ప్రశ్న (విజయనగరం): రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్నైపర్లు వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ నెంబర్ 4 (టి)కి నివాళిగా గోడకి తగిలించే చెక్క నమూనా చేస్తున్నాం. పొడవు 1,130 మి.మీ. బ్యారెల్‌కి పెట్టిన పీవీసీ గొట్టం జారిపోయి వంగుతోంది. ఏ చెక్క మంచిదండి?

జవాబు 1: పనసే. బొబ్బిలి వీణలకి వాడేదే, సన్నటి చెక్కుడు తట్టుకుంటుంది. ఒకే పలకలో కోయకండి. అసలు రైఫిల్లో బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) వేరు, ముందు కర్ర వేరు. బట్ సన్నబడే చోట నార పొడవునా పోవాలి. అడ్డంగా పడిందా, కింద పడ్డ రోజే విరుగుద్ది. పీవీసీ బదులు గట్టి కర్ర కడ్డీ పెట్టండి. మూతి తొలవొద్దు, నల్ల చుక్క చాలు.

పనస పచ్చగా ఉంటుంది కాబట్టి ముందు వాల్‌నట్ స్టెయిన్ (గోధుమ రంగు పూత), ఆపైన బాయిల్డ్ అవిసె నూనె పల్చగా. పూతకీ పూతకీ ఒక రోజు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, నీళ్ల బకెట్లో వేయండి.

జవాబు 2 (శ్రీకాకుళం): స్కోపు (గురి చూసే దుర్బిణి) మరవకండి. నెంబర్ 32, 3.5 రెట్లు. దాని బ్రాకెట్టు ఎడమ పక్కనే, రెండు పెద్ద చేతి మరలతో. స్కోపు ఎత్తుగా ఉంటుంది కనకే బట్ మీద చెంప ఆనించే దిమ్మ. అది లేకపోతే మామూలు సిపాయి తుపాకీలా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: దిమ్మకి జిగురు చాలా?

జవాబు 2: చాలదు, అసలుదానికీ రెండు మరలే. ముందు సన్నగా బెజ్జం వేయండి, లేకపోతే దిమ్మ చీలుద్ది. బయటికి తీసుకెళ్తే గోనె చుట్టండి, దూరం నుంచి నిజం తుపాకీ అనుకుంటారు.