కర్ర చూస్తే సాధువు, నేను లేచి వెళ్తే రౌడీ: ఈ చేపకు క్రమశిక్షణ నేర్పవచ్చా?

గులకరాయి అడిగిన ప్రశ్న:

నవ్వకుండా చదవండి. మూడు వారాలుగా ఒక చేపతో పంతం పట్టి కూర్చున్నాను, ఓడిపోతున్నాను.

మాది నాలుగు అడుగుల తొట్టె, సుమారు 200 లీటర్ల నీళ్లు. రెండు సెవెరం చేపలు, ఆరు సిల్వర్ డాలర్ చేపలు అందులో ఎప్పటినుంచో ఉన్నాయి. గొడవంతా తర్వాత వచ్చిన రెండు కన్విక్ట్ సిక్లిడ్‌లలో పెద్దదానితో. ఒంటినిండా నల్లచారలు, కాస్త ఉబ్బిన నుదురు, నా చూపుడువేలంత పొడవు. ఇంట్లో దొర అని పిలుస్తాం. సెవెరంలు దానికి రెండింతలు ఉంటాయి. అయినా దొర మొప్పలు విప్పి ఎదురొస్తే అవే తోకముడుస్తాయి. ఒక సెవెరం తోక అంచు చిరిగి పీలికలైంది. అది పగలంతా హీటరు వెనకాల, తల కిందికి వంచి నిలువుగా నిలబడి ఉంటోంది. తిండి వేసినా రాదు. నేను భుజం అడ్డుపెట్టి దొరకు కనబడకుండా చేస్తే మాత్రం వచ్చి రెండు గుళికలు మింగి పోతుంది.

ఇక నా ఘనకార్యం వినండి. పొడవాటి ప్లాస్టిక్ కర్ర ఒకటి తెచ్చి, దొర ఎవరినైనా తరిమిన ప్రతిసారీ మధ్యలో అడ్డుపెట్టి మెల్లగా వెనక్కి నెట్టాను. మొదటి మూడు రోజులు లెక్కచేయలేదు. వారం తిరిగేసరికి కర్ర నీళ్లను తాకగానే మూలనున్న మట్టికుండలోకి దూరడం మొదలుపెట్టింది. రెండో వారానికి నేను కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుంటే చాలు, అంతటి సాధువు లేడు. సాధించానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. మొన్న ఎందుకో అనుమానం వచ్చి, ఫోనును తొట్టెకు ఎదురుగా నిలబెట్టి వీడియో తీస్తూ గదిలోంచి బయటికి వెళ్లాను. తర్వాత చూస్తే, నేను వెళ్లిన నిమిషం లోపే దొర కుండలోంచి తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, తిన్నగా హీటరు వెనక్కి వెళ్లింది.

దానితో వచ్చిన చిన్న కన్విక్ట్‌ను మాత్రం పల్లెత్తు మాట అనదు. పొట్ట మీద నారింజ రంగు మచ్చ ఉన్న ఆ బుజ్జిది దొరకు తోడుదొంగ, ఎప్పుడూ కుండ చుట్టే తచ్చాడుతుంది.

నా శిక్షణలో లోపం ఎక్కడుంది? అసలు చేపకు 'తప్పు' అన్నది తెలిసేలా చేయగలమా?

ఒంటిచేప:

చేయలేం. పులి పక్కన మేకను కట్టేసి పులికి నీతులు చెబుతామా? దొరకు వేరే తొట్టె పెట్టండి, లేదా పెంచగలిగేవారికి ఇచ్చేయండి. సెవెరం తోక సంగతి ముందు చూడండి. నీళ్లు శుభ్రంగా ఉంటే పీలికలైన రెక్క తిరిగి పెరుగుతుంది, మురికిగా ఉంటే కుళ్లుతుంది.

పాతతొట్టి:

ఒంటిచేప గారి తొందర నాకు అర్థమైంది కానీ, గులకరాయి గారి శిక్షణలో లోపమేమీ లేదండీ. దొర పాఠం చక్కగానే నేర్చుకుంది. మీరు చెప్పాలనుకున్న పాఠం మాత్రం వేరు. 'తరమకూడదు' అని మీరు చెప్పారు. 'కర్ర ఉన్నప్పుడు కుండలో ఉండాలి' అని అది విన్నది. చేపకు మూడు సెకన్ల జ్ఞాపకమే ఉంటుందనేది ఉత్త కట్టుకథ. దొర ఆ కట్టుకథను మీ ఫోను ముందే తుడిచిపెట్టింది.

మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. దొర తరమగానే సెవెరం పారిపోతోంది కదా, దొరకు అదే బహుమానం. మీ కర్ర ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఈ బహుమానం ప్రతిసారీ అక్కడికక్కడే అందుతుంది. పైగా చాలా జాతుల చేపల్లో, ఒకసారి గెలిచినది తర్వాతి పోరులో మరింత చొరవగా దిగుతుంది, ఓడినది ముందే తగ్గిపోతుంది. అందుకే రెండింతలున్న సెవెరం వేలెడంత చేపకు జడుస్తోంది.

అద్దం చూపిస్తే సిగ్గుపడుతుందనో అలిసిపోతుందనో ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 1963లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఫైటర్ చేపలు అద్దంలో తమ ప్రతిబింబాన్ని చూసే అవకాశం కోసమే అప్పగించిన పనిని నేర్చుకుని, మళ్లీ మళ్లీ చేశాయి. తిండి కాదు, ఎదుట ఒక శత్రువు కనబడటమే వాటికి ప్రతిఫలం. మనం శిక్ష అనుకున్నది దానికి పండగ కావచ్చు.

ఇక అసలు విషయం. మీరు చివర్లో తేలిగ్గా చెప్పి వదిలేసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కన్విక్ట్‌లలో పొట్ట మీద నారింజ మచ్చ ఉండేది ఆడచేపకు. మగదానికి నుదురు ఉబ్బెత్తుగా, ఒళ్లు పెద్దగా ఉంటుంది. మీ బుజ్జిది తోడుదొంగ కాదండీ, దొరసాని. కుండ చుట్టూ తచ్చాడుతోందంటే గుడ్లు పెట్టిందో, పెట్టబోతోందో. ఒక పని చేయండి. పది నిమిషాలు కాగితం దగ్గర పెట్టుకుని, దొర ఎవరినైనా తరమడం మొదలుపెట్టిన చోటల్లా చుక్క పెట్టండి. తర్వాత టార్చి వేసి కుండ లోపలి కప్పు చూడండి.

ఎర్రబంతి:

శిక్షణ పూర్తిగా దండగ అనకండి. నా ఆస్కార్ చేప అందరి తిండీ లాక్కునేది. కర్ర కొసకు ఎర్ర పూస గుచ్చి, దాన్ని ముక్కుతో తాకితేనే దానికి గుళిక వేసేవాణ్ని. పది రోజుల్లో పూస ఎటు పోతే అటు వచ్చేది. దాన్ని ఒక మూలకు పిలిచి తినిపిస్తూ, రెండో మూలలో మిగతావాటికి వేస్తాను. దాని కోపమేమీ తగ్గలేదు, భోజనాల వేళ గొడవ మాత్రం తప్పింది. ఇంకో లాభం, చేపను పక్క తొట్టెకు మార్చాలంటే వలతో వెంటాడక్కర్లేదు. పూస చూపిస్తే డబ్బాలోకి తనే వస్తుంది. గులకరాయి గారూ, మీ కర్ర ఇప్పటికే దయ్యమైంది కాబట్టి పూసకు వేరే కర్ర వాడండి.

రాత్రిదీపం:

చేపలకు క్రమశిక్షణ తెలియదనడానికి లేదు, అవి ఒకదాన్నొకటి దండించుకుంటాయి. పగడపు దిబ్బల్లో క్లీనర్ రాస్ అని ఉంటుంది, పెద్ద చేపల ఒంటి మీది పురుగులను ఏరి తింటుంది. జంటలో ఆడది పురుగులు వదిలేసి ఆ పెద్ద చేపను కొరికితే, అది చిరాకుపడి వెళ్లిపోతుంది, ఇద్దరి భోజనం పోతుంది. అప్పుడు మగది ఆడదాన్ని తరుముతుంది. 2010లో వచ్చిన పరిశోధనలో, అలా తరిమించుకున్నాక ఆడచేపలు ఆశ తగ్గించుకుని బుద్ధిగా తిన్నాయని తేలింది. తప్పు జరిగిన మరుక్షణమే దండన పడుతుంది, దండించేదీ చేపే. మీ కుర్చీకి, కర్రకు ఆ సౌలభ్యం లేదు.

గులకరాయి:

పాతతొట్టి గారూ, మీకు దండం. పది నిమిషాల్లో 17 చుక్కలు పడ్డాయి. మూడు తప్ప అన్నీ కుండకు జానెడు దూరం లోపే. టార్చి వేసి చూస్తే కుండ కప్పుకు సగ్గుబియ్యం అతికించినట్టు గుడ్లు. దొరసాని వాటి కింద తలకిందులుగా ఉండి రెక్కలతో విసురుతోంది. కాపలా కాస్తున్న తండ్రిని పట్టుకుని రెండు వారాలు కర్రతో పొడిచాను. ఇప్పుడు ఏం చేయాలి? కుండ తీసేయనా?

పాతతొట్టి:

తీసినా లాభం లేదు. కన్విక్ట్‌లు తొందరగానే మళ్లీ పెడతాయి, ఈసారి తొట్టెలో ఇంకో మూల వాటిదవుతుంది. సుమారు మూడు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలవుతాయి, ఇంకో వారం లోపు ఆ పిల్లలు ఈదుతాయి. కాపలా అప్పుడు ఇంకా ముదురుతుంది, వారాల తరబడి సాగుతుంది. తొట్టెలో మూడో వంతు జంటకు వదిలి, ప్లాస్టిక్ జాలీతో అడ్డం కట్టండి. హీటరు సెవెరంల వైపే ఉండనివ్వండి, కానీ దాని చుట్టూ తొడుగు వేయండి. అంత దగ్గరగా నిలబడితే ఒళ్లు కాలుతుంది. సెవెరంల వైపు రాళ్లు, మొక్కలు పొడవుగా నిలబెట్టి జాలీ కనబడకుండా చేయండి. జంట లేని రౌడీ అయితే నాలుగైదు రోజులు వేరే తొట్టెలో ఉంచి, ఈలోగా రాళ్లన్నీ మార్చేసి తిరిగి వదలమనేవాణ్ని. తన ఇలాకా గుర్తుపట్టలేక కొన్నాళ్లు తగ్గి ఉంటుంది. మీ దొర విషయంలో ఆ పని వద్దు.

గులకరాయి:

జాలీ కట్టి నాలుగు రోజులైంది. సెవెరం నిన్న సాయంత్రం హీటరు వదిలి మధ్యలోకి వచ్చింది, నా భుజం అడ్డు లేకుండా ఐదు గుళికలు తిన్నది. గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. కుండ అడుగున తోకలాడిస్తున్న చిన్న చిన్న వెంట్రుకల్లాంటివి కనబడుతున్నాయి. జాలీ కింది అంచు కాస్త పైకి లేచిందని, చేతికందిన పాత కర్రతోనే గులకల్లోకి నొక్కబోయాను. దొర ఈసారి కుండలోకి దూరలేదు. వచ్చి కర్రను కొరికింది.