అక్కచెల్లెళ్ల పేర్లు: ప్రాస కుదరాలా, నడక కుదరాలా?

అందరికీ నమస్కారం. మా చెల్లికి రెండో పాప పుట్టింది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. వచ్చే వారమే బారసాల. రోహిణి రెండో పాదం కాబట్టి ‘వ’తో మొదలయ్యే పేరు పెట్టమన్నారు పంతులుగారు. పెద్దపాప శ్రావ్య. దానికి జతగా ఉండాలని ఇంట్లో పది రోజులుగా ఒకటే చర్చ. జత అనగానే అందరికీ నవ్య, భవ్య, దివ్యలే గుర్తొస్తున్నాయి. అందులో ‘వ’తో వచ్చేది ఒక్కటీ లేదని చెల్లికి టెన్షన్.

జత అంటే అంత్యప్రాస, అంటే చివరి అక్షరాలు కలవడం, ఒక్కటేనా? నాకు అలా అనిపించదు. దానికి కారణం మా సొంత పేర్లే.

నేను రమ్య, చెల్లి సౌమ్య. ఛందస్సు లెక్కలో ఇది నిఖార్సైన ప్రాస. రెండో అక్షరం రెండింట్లోనూ ‘మ్య’, దాని ముందున్నది రెండింట్లోనూ గురువు, అంటే రెండు మాత్రల కాలం పట్టే అక్షరం. ఒక్క మాత్ర పట్టేది లఘువు. (రమ, ఉమ కూడా ఇలాగే కుదురుతాయి. రమ పక్కన సోమ మాత్రం ప్రాస కాదు. ‘ర’ లఘువు, ‘సో’ గురువు.) పద్యంలో ఎంత బాగుంటుందో! కానీ మనం ఎవరినైనా పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం. అమ్మ మేడ మీద నుంచి కేకేస్తే కింద మాకు వినపడేది ‘మ్యా’ ఒక్కటే. ఎవరిని పిలిచిందో తెలిసేది కాదు. ఇంట్లో అయితే సర్దుకుపోవచ్చు. చదువుకున్న స్కూల్లో ఒకసారి నా రికార్డులో చెల్లి పేరు ఎక్కించారు. అది దిద్దించడానికి నాన్న ఎన్నిసార్లు తిరిగారో నాకింకా గుర్తుంది.

ఇప్పుడు నేనుండేది విజయవాడలో. ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి కదా. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా చేసిన అన్నదమ్ముల పేరు మీద పిలుస్తున్న గుహలు. ఈ మధ్య అటుగా వెళ్తూ ఆ రెండు పేర్లూ పైకి అనుకుని, వేళ్ల మీద గురులఘువులు లెక్కపెట్టాను. అక్కన్న: గురువు, గురువు, లఘువు. మాదన్న: గురువు, గురువు, లఘువు. రెండూ తగణాలే! రెండో అక్షరాలు ‘క్క’, ‘ద’ కాబట్టి ప్రాస లేదు, మొదటి అక్షరాలూ వేరు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా మన నోట ఒకే మాటలా కలిసి నడుస్తున్నాయి. చివర ‘అన్న’ కలవడం కొంత కారణమే, కానీ రెండింటి తూకం ఒకటి కావడం అసలు కారణమని నా నమ్మకం.

తూకం సమానంగా లేకపోయినా జత కుదిరే దారి ఇంకొకటి ఉంది. రామలక్ష్మణులనే తీసుకోండి. చిన్న మాట ముందు, పెద్ద మాట తరవాత. సంస్కృత వ్యాకరణంలో దీనికి పాణిని సూత్రమే ఉంది, ‘అల్పాచ్తరమ్’ అని. ద్వంద్వ సమాసంలో తక్కువ అచ్చులున్న పదం ముందు రావాలి. అన్నదమ్ముల విషయంలో మాత్రం పెద్దవాడి పేరే ముందుండాలని వార్తికం, అంటే సూత్రానికి చేర్చిన సవరణ. అందుకే పేరు పొడవైనా ధర్మరాజే ముందు: యుధిష్ఠిరార్జునులు. పెద్దబిడ్డకి చిన్న పేరు పెట్టుకుంటే రెండు నియమాలూ ఒకేసారి నెగ్గుతాయన్నమాట. మన ‘అన్నదమ్ములు’, ‘అక్కచెల్లెళ్లు’ చూడండి. అన్న తమ్ముడికన్నా పొట్టి మాట, అక్క చెల్లెలికన్నా పొట్టి మాట. ఈ మాటలు రోజూ వాడుతూ కూడా ఇన్నాళ్లూ గమనించలేదు!

మా తాతల తరంలో ఈ ఆలోచనే ఉండేది కాదు. మంగళగిరి స్వామికి మొక్కుకుంటే పానకాలు, కోటప్పకొండకి మొక్కుకుంటే కోటేశ్వరరావు, కోటేశ్వరమ్మ. ఒకే దేవుడి పేరు పిల్లలందరికీ పంచేవారు.

మళ్లీ మా పాప దగ్గరికి వస్తాను. నేను ముందు ‘వందన’ అన్నాను. శ్రావ్య, వందన అని పలికి చూడండి, గురులఘువుల్లో అచ్చంగా ‘రామ, లక్ష్మణ’ వరసే. చెల్లికి నచ్చింది. అప్పుడు అమ్మ, “వసుధ అనుకోకూడదుటే?” అంది. మొదట నాకు ఆనలేదు, మూడూ లఘువులే కదా అని. రాత్రి మళ్లీ లెక్క వేశాను. శ్రావ్య గురులఘువులు, అంటే హగణం. వసుధ నగణం. ఛందస్సులో సూర్యగణాలనే చిన్న గణాలు ఆ రెండే, ఆటవెలది పద్యం మొదలయ్యేది వాటితోనే! ఇటు మూడు మాత్రలు, అటు మూడు మాత్రలు, అయినా అక్కకి రెండక్షరాలు, చెల్లెలికి మూడు. “శ్రావ్య, వసుధ” అంటుంటే ఆటవెలది ఎత్తుకున్నట్టే ఉంది. ఛందస్సు పేరు కూడా వినని మా అమ్మ చెవికి అది ఎలా తెలిసిందో!

నా మనసు వసుధ వైపే మొగ్గుతోంది. చెల్లి ఇంకా వందన అంటోంది. మీ చెవికి ఏది బాగుందో రెండూ గట్టిగా పైకి పిలిచి చూసి చెప్పండి. బుధవారం బియ్యంలో పేరు రాయాలి.